ఇరవై అయిదో స్తంభం

ఆ ఏడు ఎండలు ఇంకా ముదరకముందే మా పలకల వరస మీద తీగ వేశారు.

కాలువ గట్టు వెంట మూడు కిలోమీటర్ల పొడవున ఒకే వరసగా నిలబెట్టిన సోలార్ పలకలవి. యాభై మీటర్లకొక ఇనుప స్తంభం, దాని మీద తెల్లరంగుతో అంకె. సున్నా నుంచి అరవై దాకా. పలకలు తుడిచేవాళ్ళం పదిహేనుమంది ఆడవాళ్ళం, మనిషికి నాలుగు స్తంభాల మేర. నావి ఎనిమిది నుంచి పన్నెండు. మా అమ్మాయివి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది. తెల్లారేసరికి బకెట్లు నింపుకుని, స్పాంజి కట్టిన పొడుగు కర్రలు, రబ్బరు వైపర్లు భుజాన వేసుకుని బయలుదేరేవాళ్ళం. అద్దం వేడెక్కితే నీళ్ళు పడగానే మచ్చ కడుతుంది, అందుకని తొమ్మిది లోపల ముగించాలి.

తీగ చూస్తే కుట్టుమిషను దారం కంటే కాస్త లావు, అంతే. పలకల పైఅంచు వెంబడి, చివరిదాకా బిగించారు.

"ఇదేం తీగ బాబూ, ఇంత సన్నంగా ఉంది, ఇందులో కరెంటు పోతుందా?" అని అడిగాను వేయడానికి వచ్చినాయన్ని.

"కరెంటు కాదు పెద్దమ్మా, వెలుగు. ఈ మూడు కిలోమీటర్లలో ఎక్కడ ఎంత ఎండ పడుతోందో ఇది చెప్పేస్తుంది."

"ఎంత పడుతోందో నా నెత్తి చెప్పట్లేదా?" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. మంచివాడే పాపం. సున్నా స్తంభం పక్కనున్న చిన్న గదిలో పెట్టె ముందు కూర్చునేవాడు కాబట్టి పెట్టె మాస్టారు అని పిలిచేవాళ్ళం. ఆ గది తుడవడం కూడా నా పనే, పలకల పని అయ్యాక. గచ్చు మీద నేను తడిగుడ్డ వేస్తుంటే ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. పెట్టె తీగలోకి ఒక మెరుపు వదులుతుందట. ఎండ తగిలిన ప్రతిచోటా ఆ మెరుపు కొంచెం మారి వెనక్కి వస్తుందట. ఎంతసేపటికి వచ్చిందో చూసుకుని అది ఎంత దూరం నుంచి వచ్చిందో పెట్టె లెక్క కట్టేస్తుందట. తెర మీద ఒక గీత పాకుతూ ఉండేది. వెలుగున్నచోట పైకి, లేనిచోట కిందికి. మొదట్లో కాస్త మేర మాత్రం ఎప్పుడూ కిందికే ఉండేది, గదిలో ఉన్న తీగకి ఎండ తగలదు కదా అనేవాడు. గీత కింద మీటర్లు, మీటర్ల కింద ఏ స్తంభమో రాసి కాగితం ముక్కలు అంటించుకున్నాడు. నాకు చదువు రాదు కానీ అంకెలు వచ్చు. అంకెలు రాకపోతే సంతలో బతకలేం.

మా మీద పెత్తనానికి ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. తీగ వేసిన దగ్గర్నుంచీ ఆయన చేతిలో ఎప్పుడూ ఆ గీత ముద్రించిన కాగితాలే. అందుకని ఆయనకు గీతలాయన అని పేరు పడింది. ఎండలు పెరగ్గానే ఇరవై మూడో స్తంభం దగ్గర, పలకల మీదికి వంగేట్టు ఇనుప రేకులతో ఒక పందిరి వేయించుకుని, దాని కింద కుర్చీ వేసుకున్నాడు. అక్కడ కూర్చుంటే వరస సగం అటు, సగం ఇటు కనబడుతుందని. అంత పెద్ద వరసలో నీడ అనేది ఆయన ఒక్కడికే.

ఆ పందిరి వేసిన మరుసటి వారం ఒకరోజు మమ్మల్నందర్నీ పిలిచాడు. కాగితం ఎత్తి పట్టుకున్నాడు. ఆ మొదలు వదిలేస్తే గీత అంతా చదునుగా ఉండి ఒక్కచోట గొయ్యిలో పడింది. ఆ గోతిలో గోరు పెట్టి, "ఇరవై అయిదో స్తంభం. ఎవరిది?" అన్నాడు.

మా అమ్మాయి ముందుకొచ్చింది. అప్పటికి దానికి ఇరవై రెండేళ్ళు. పనిలో పిచ్చి శుభ్రం దానికి. ఇంట్లో గిన్నె బోర్లిస్తే దాని అడుగున కూడా మొహం కనబడాలి.

"నాదే అండీ. రోజూ తుడుస్తున్నానండీ."

"మరి గీత అబద్ధం చెబుతోందా?"

"నాకు తెలీదండీ. పలక చూడండి, మీరే వచ్చి చూడండి."

"నేనెందుకు చూడాలి, అంత ఖరీదైన తీగ చూస్తుంటే?" అని, మా అందరివైపు తిరిగి, "చూడండమ్మా, గిన్నెలెత్తుకుపోయే దొంగని చూశాం, కోళ్ళెత్తుకుపోయే దొంగని చూశాం. ఇది వెలుగు దొంగ!" అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. ఎవరో నాకు తెలుసు, ఈ రోజుకీ గుర్తే. కానీ వాళ్ళ మీద నాకు కోపం లేదు, నవ్వకపోతే ఆయన వాళ్ళ వంక చూస్తాడు మరి.

అంతటితో వదిలేసినా బాగుండేది. పది గంటల నుంచి పన్నెండు దాకా దాన్ని ఇరవై అయిదో స్తంభం దగ్గర ఎండలో నిలబెట్టాడు. "ఎంత ఎండ కాజేశావో నీకూ తెలియాలి కదా" అన్నాడు. తను వంద మీటర్ల అవతల పందిరి కింద కాళ్ళు చాపుకుని కూర్చుని చూశాడు. నేను గొడుగు తీసుకుని పరిగెత్తబోతే, "ముసలామె అడుగు ముందుకేసిందంటే ఇంకో గంట" అని అరిచాడు. నేను ఆగిపోయాను. ఆ గొడుగు నా చేతిలో ముడిచినట్టే ఉంది, రెండు గంటలూ. పన్నెండింటికి, "రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

అది ఏడవలేదు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. వీధి కుళాయి దగ్గరికి వెళ్తే, "జాగ్రత్తమ్మోయ్, వెలుగు దొంగ వచ్చింది, దీపాలు దాచుకోండి" అని పిల్లలు. ఆ పిల్లలకి ఆ మాట ఎక్కడిది? ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనుకుంటేనే కదా. మూడోనాటి నుంచి అది కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసింది.

నాకు కడుపు రగిలిపోయింది. ఎంత రగిలినా గొంతు పెంచి తిట్టే మనిషిని కాదు నేను. తిడితే సగం కోపం నోట్లోంచే పోతుంది. నేను పోనివ్వను.

ఆ మూడోనాడే పెట్టె గదిలో గచ్చు తుడుస్తూ తెర వంక చూశాను. గొయ్యి అలాగే ఉంది. మా అమ్మాయి చోట కొత్తగా పెట్టిన ఆవిడ గోళ్ళు అరిగేట్టు రుద్దుతోంది, అయినా గొయ్యి అలాగే ఉంది. నా చూపు ఇరవై మూడో అంకె దగ్గర ఆగింది. అక్కడ గీత చదునుగా, నిండుగా ఉంది.

"మాస్టారూ, ఇక్కడ ఎండ బాగా పడుతోందా?"

"బాగా పడుతోంది పెద్దమ్మా. చూడు, గీత ఎంత పైనుందో."

"మరి ఆ మహానుభావుడి పందిరి అక్కడేగా ఉంది? నేను ఇప్పుడే ఆ నీడలోంచి నడిచొచ్చాను. పలకల మీద సగం దాకా నల్లగా పడి ఉంది."

ఆయన నా వంక చూశాడు, తెర వంక చూశాడు. ఆయన పొద్దస్తమానం ఆ గదిలోంచి బయటికి రాడు. గీతలాయన పందిరి కిందినుంచి లేవడు. తుడిచేవాళ్ళకి తెర చూపించరు. అటు తెరా ఇటు నీడా రెండూ చూసే మనిషిని, గచ్చు తుడిచే నేనొక్కదాన్నే.

మరునాడు ఇంట్లోంచి పాత దుప్పటి తెచ్చి నా తొమ్మిదో స్తంభం దగ్గర తీగ మీద కప్పి, నీళ్ళు తెచ్చేదానిలాగా గదికి వచ్చాను. "మాస్టారూ, గీత చూడండి" అన్నాను. కొత్తగా ఒక గొయ్యి పడింది, తొమ్మిది దగ్గర కాదు. పదకొండు దగ్గర.

ఆయన కుర్చీ వెనక్కి నెట్టాడు. బల్ల కిందికి వంగి, ఒక డబ్బా మూత తీశాడు. అందులో తీగ చుట్టచుట్టి ఉంది.

"వంద మీటర్లు," అన్నాడు. "ఎక్కడైనా తెగితే అతకడానికి పనికొస్తుందని మొదట్లోనే మిగులు వదిలాను. మెరుపు ముందు ఇందులో తిరిగి, ఆ తరవాతే గట్టు మీదికి వెళ్తుంది. ఆ వందా లెక్కలోంచి తీసేయాలి పెద్దమ్మా. తీసేయడం మరిచిపోయాను, అందుకే ప్రతిదీ రెండు స్తంభాల అవతల కనిపిస్తోంది."

"అంటే ఆ గొయ్యి..."

"పందిరిది. మీ అమ్మాయిది కాదు."

ఆయన చేతులు జోడించాడు. "ఇప్పుడే సరిచేస్తాను. రెండు నిమిషాల పని. సూపర్‌వైజరుకి చెప్పి మీ అమ్మాయిని వెనక్కి పిలిపిస్తాను. ఎవరికీ తెలియకుండా సర్దేద్దాం."

ఎవరికీ తెలియకుండా. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. దాన్ని నిలబెట్టింది అందరి ఎదుటా. సర్దడం మాత్రం ఎవరికీ తెలియకుండానా?

"పెద్ద మేడం ఎప్పుడొస్తారు?" అని అడిగాను. ఏడాదికోసారి ఒక పెద్ద అధికారిణి వచ్చి వరసంతా చూసి వెళ్ళేవారు.

"ఇంకా ఇరవై రోజులు."

"అయితే ఇరవై రోజులూ ఈ గీత ఇలాగే ఉండాలి. మీరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఇదిగో, ఈ డబ్బా సంగతి నేనే మేడంకి చెబుతాను. ముట్టుకోకపోతే పొరపాటు మీరే కనిపెట్టారని చెబుతాను."

"అన్నాళ్ళు ఎందుకు పెద్దమ్మా? పాపం ఆ అమ్మాయి..."

"అది నా కూతురు. దాని సంగతి నాకు తెలుసు" అన్నాను.

తెలుసనే అనుకున్నాను.

ఆ ఇరవై రోజులూ నేను గీతలాయనతో ఎంత తియ్యగా మాట్లాడానో చెబితే నమ్మరు. పొద్దున్నే, "దణ్ణం అయ్యగారూ" అనేదాన్ని. ఆయన కుర్చీ తుడిచేదాన్ని. ఒకరోజు, "పడమటి పక్కనుంచి కొడుతోంది కదా అయ్యగారూ, ఇంకో రెండు రేకులు వేయించుకోకూడదూ? మీ ఆరోగ్యం ముఖ్యం" అన్నాను. వేయించుకున్నాడు! మరునాటికి గీతలో గొయ్యి ఇంకాస్త వెడల్పయింది. పెట్టె మాస్టారు నా వంక చూసి తల దించుకున్నాడు. నేను గచ్చు తుడుస్తూ కూనిరాగం తీశాను. అబద్ధం ఎందుకు, ఆ రోజుల్లో నాకు అన్నం సహించింది, నిద్ర పట్టింది. ఇంట్లో కూతురు గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, మనసులో, ఇంకో పన్నెండు రోజులు తల్లీ, ఇంకో పదకొండు రోజులు, అనుకునేదాన్ని. పైకి మాత్రం ఒక్క ముక్క అనలేదు. చెబితే అది ఆగదు, ఆ క్షణమే వెళ్ళి అడుగుతుంది. అడిగితే వాళ్ళు చడీచప్పుడూ లేకుండా సర్దేస్తారు. నాకు సర్దుబాటు వద్దు. ఆ మనిషి పదిహేనుమంది ఎదుట నోరు వెళ్ళబెట్టి నిలబడాలి.

మధ్యలో ఒకరోజు నేను పని ముగించి వచ్చేసరికి అది తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. "ఎక్కడికి వెళ్ళావే?" అంటే, "ఊరికే, గాలికి" అంది. కాస్త తేరుకుంటోందని సంతోషించాను. అంతే, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మేడం వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. అంచు వెడల్పాటి టోపీ పెట్టుకుని, గట్టు వెంబడి నడిచే చూస్తానన్నారు. మమ్మల్నందర్నీ పందిరి దగ్గర వరసగా నిలబెట్టారు. వెనక మా అమ్మాయి కూడా ఉంది. దాన్ని ఎందుకు పిలిపించారో నాకు అర్థం కాలేదు. నా లోపలి ఉత్సాహంలో పెద్దగా పట్టించుకోనూ లేదు.

మేడం కాగితం చూసి, "ఈ గొయ్యేమిటి?" అన్నారు.

"పలక గీసుకుపోయిందండీ" అని గీతలాయన మొదలుపెట్టాడు. "ఇంతకుముందు తుడిచే మనిషి..."

"మేడం గారూ, ఒక్క నిమిషం" అన్నాను నేను. "నేను చదువుకోలేదు. ఒక్క సందేహం తీర్చండి. మీరు నిలబడ్డది నీడలోనే కదా?"

"అవును."

"ఇది ఎన్నో స్తంభం?"

ఆవిడ తల తిప్పి చూశారు. "ఇరవై మూడు."

"ఆ కాగితంలో ఇరవై మూడు దగ్గర ఎండ ఎంతుందో చూడండి."

ఆవిడ కాగితం చూశారు. టోపీ తీసి మళ్ళీ చూశారు. తలెత్తి రేకుల వంక చూశారు. పెట్టె మాస్టారు ఇంక ఆగలేక, డబ్బా సంగతి, వంద మీటర్ల సంగతి అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. నేను దుప్పటి తీసుకెళ్ళి ఎక్కడ కప్పమంటే అక్కడ కప్పాను. ఆయన సెల్‌ఫోన్‌లో గీత చూసి చెబుతున్నాడు. ఇక్కడ కప్పితే అక్కడ గొయ్యి. మూడు సార్లు, మూడు చోట్ల.

గీతలాయన మొహం చూశాను. దాని కోసమే కదా ఇరవై రోజులు ఆగింది. నోరు తెరుచుకుంది, చెమటలు పట్టాయి, కళ్ళు ఎవరి మీదా నిలబడటం లేదు. ఆ మొహాన్ని నేను తనివితీరా చూశాను. తప్పుకోలేదు, జాలి పడలేదు.

అప్పుడాయన జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"మేడం, తీగ సంగతి నాకు తెలీదు. ఆ అమ్మాయే ఒప్పుకుందండీ. బకెట్లో ఇసుక కలిపి రుద్దాను, పలక గీసుకుపోయింది, తప్పు నాదే అని సంతకం పెట్టింది. చూడండి."

మేడం చదివారు. వెనక్కి తిరిగి మా అమ్మాయిని పిలిచారు. "ఇది నీ సంతకమేనా?"

"అవునండీ."

"ఇసుకతో రుద్దావా?"

"లేదండీ."

"మరి ఎందుకు పెట్టావమ్మా?"

అది ఒక్కసారి నా వంక చూసింది. "పెడితే మళ్ళీ పనిలోకి తీసుకుంటామన్నారండీ. నా స్తంభం దగ్గర గొయ్యి ఎందుకు పడిందో నాకూ తెలీలేదు. రోజూ పడుకుని ఆలోచించి ఆలోచించి, నిజంగానే నేనేదో చేసి ఉంటాననిపించింది."

మేడం ఆ కాగితం మడిచి తన సంచిలో పెట్టుకున్నారు. పందిరి అప్పటికప్పుడు విప్పించారు. రేకు ఒక్కొక్కటే దిగుతుంటే పెట్టె మాస్టారు ఫోన్ చూస్తూ, "లేస్తోంది, గీత లేస్తోంది" అంటున్నాడు. చివరి రేకు దిగేసరికి గీతలాయన నడినెత్తిన ఎండతో కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి ఆయన పని ఊడింది. వారం తిరక్కుండా పెట్టె మాస్టారుదీ ఊడింది. పొరపాటు ఆయనే కనిపెట్టాడని నేను చెప్పాను, మాట తప్పలేదు. కానీ చేసిందీ ఆయనేగా. పోయేముందు నా దగ్గరికొచ్చి, "వస్తాను పెద్దమ్మా" అన్నాడు. ఆ ఒక్కమాటే అన్నాడు.

మేడం వచ్చి వెళ్ళిన సాయంత్రం వీధంతా మా ఇంటి ముందే ఉంది. నవ్వినవాళ్ళే వచ్చి, "నీ అంత తెలివి ఎవరికుంది పిన్నీ" అన్నారు. నేను దుప్పటి కథ నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి మొదలుపెట్టేసరికి మా అమ్మాయి లోపల్నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. అందరూ వెళ్ళేదాకా ఆగింది.

"అమ్మా, నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏది?"

"నాది కాదని."

అబద్ధం చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ పెట్టె మాస్టారిని అడిగితే తెలిసిపోతుంది.

"నిన్ను మాన్పించిన నాలుగోనాడు."

అది వేళ్ళు మడిచింది. ఒక చేయి అయింది, రెండో చేయి అయింది, మళ్ళీ మొదటి చేయి.

"నేను సంతకం పెట్టేటప్పటికి నీకు తెలిసి పధ్నాలుగు రోజులు."

"వాణ్ణి ఊరికే వదలకూడదని తల్లీ. అందరి ముందూ..."

"అందరి ముందూ సంతకం నాదే అని చెప్పింది నేను."

అది కేకలు వేసినా బాగుండును, తిట్టినా బాగుండును. లేచి లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించి అన్నం వండింది. నాకు వడ్డించింది. పక్కనే కూర్చుని తానూ తింది.

మేడం దాన్ని జట్టు పెద్దగా రమ్మని కబురుపెట్టారు. అది వెళ్ళలేదు. కాలువకి అవతల అట్టపెట్టెలు మడిచే ఫ్యాక్టరీలో చేరింది, అక్కడే ఇంకో ఇద్దరమ్మాయిలతో గది చూసుకుంది. నాతో పోట్లాట ఏమీ లేదు. ఆదివారం ఆదివారం వచ్చేది. తరవాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పురుళ్ళు నేనే పోశాను. ఇప్పటికీ నాకు ఒంట్లో బాగోకపోతే ముందు పరిగెత్తుకొచ్చేది అదే. కానీ ఆ ఎండాకాలం తరవాత అది నన్ను ఏ విషయంలోనూ, "ఏం చేయమంటావమ్మా?" అని అడగలేదు. ఒక్కసారి కూడా.

గీతలాయన తరవాత ఎక్కడో లారీలకి సరుకెత్తించే చోట గుమస్తాగా చేరాడని, ఎండ దెబ్బకి మంచానపడి లేచాడని ఎవరో చెప్పారు. విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. ఈ వయసులో దాచుకునేదేముంది?

ఆ వేసవి చివర్లో, సామాను మూటగట్టుకుని గడప దాటబోతూ మా అమ్మాయి వెనక్కి తిరిగింది. నేను చేయి పట్టుకున్నాను.

"నీ కోసమే కదే చేసింది" అన్నాను.

అది నా చేయి మెల్లగా విడిపించుకుంది. "నువ్వేం చేసినా చెయ్యి అమ్మా. నా కోసం చేశానని మాత్రం ఎవరితోనూ చెప్పకు."

చెప్పలేదు. వీధిలో చెప్పలేదు, చుట్టాల్లో చెప్పలేదు. ఆ దుప్పటి కథ చెప్పమని మనవరాళ్ళు వేధించినప్పుడూ ఆ మాట రానివ్వలేదు. ఇక్కడా చెప్పడం లేదు. నా కోసమే చేశాను.